కూల్చిన భవనాల కంకరతో కొత్త కాంక్రీటు: ఎంత గట్టిది, ఎక్కడ జాగ్రత్త?

2022 ఆగస్టు 28 మధ్యాహ్నం రెండున్నర గంటలకు నోయిడా సెక్టార్ 93-ఎ లోని జంట టవర్లు కొన్ని సెకన్లలో నేలకూలాయి. కుతుబ్ మీనార్ కంటే ఎత్తైన ఆ భవనాలను కూల్చడానికి సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థాలు వాడారు. ఆ దృశ్యాన్ని దేశమంతా టీవీల్లో చూసింది. దుమ్ము సర్దుకున్నాక మిగిలింది దాదాపు 80 వేల టన్నుల శిథిలాల గుట్ట. అందులో చాలా భాగం అక్కడి సెల్లార్లు పూడ్చడానికే సరిపోయింది. ఇనుమును వేరుచేసి అమ్మకానికి పెట్టారు. మిగిలినదాంట్లో సుమారు 30 వేల టన్నులను శుద్ధి చేసి మళ్లీ కట్టడాలకు పనికొచ్చేలా మార్చే బాధ్యతను నోయిడాలోనే ఉన్న ఒక రీసైక్లింగ్ ప్లాంటుకు అప్పగించారు.

ఆ టవర్ల కథ కెమెరాల ముందు జరిగింది. కానీ మన నగరాల్లో ఏ వీధిలో చూసినా ఇలాంటి కథే చిన్న ఎత్తున నడుస్తుంటుంది. పాత డాబా కూలుతుంది, అపార్టుమెంటు లేస్తుంది, డాబా తాలూకు శిథిలాలు ట్రాక్టర్లలో ఏ చెరువు గట్టుకో, ఊరి చివరి ఖాళీ జాగాకో చేరతాయి. దేశంలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలు వస్తున్నాయని భవన నిర్మాణ సామగ్రి, సాంకేతికతల ప్రోత్సాహక మండలి అంచనా. అందులో మళ్లీ వాడకంలోకి వస్తున్నది ఒక శాతం మాత్రమేనని 2020లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్కగట్టింది. మరోవైపు కంకర కోసం కొండలు కరిగిపోతూనే ఉన్నాయి.

పాత కాంక్రీటును పగలగొడితే వచ్చేది కంకరే కదా, దాన్నే కొత్త కాంక్రీటులో వేస్తే సరిపోదా? సరిపోతుంది, కానీ కొన్ని షరతులున్నాయి. అవి తెలియక వాడితే స్లాబు బలహీనపడుతుంది. తెలియక పూర్తిగా వద్దనుకుంటే పనికొచ్చే సరుకు చెరువు పాలవుతుంది.

రాయికి అంటుకున్న పాత మాలు

కాంక్రీటు అనగానే సిమెంటు గుర్తొస్తుంది గానీ దాని ఘనపరిమాణంలో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా కంకర, ఇసుకే ఉంటాయి. సిమెంటు, నీరు కలిసిన ముద్ద వాటిని పట్టి ఉంచే జిగురు. కాంక్రీటు ధరలో సిమెంటుది పెద్ద వాటా అయితే, అది తవ్వించే కొండలో కంకరది పెద్ద వాటా.

రీసైక్లింగ్ ప్లాంటులో పని చూడటానికి సాదాసీదాగానే ఉంటుంది. పెద్ద ముక్కలను క్రషర్ దవడల్లో వేసి నలగ్గొడతారు. అయస్కాంతం ఇనుప ముక్కలను లాగేస్తుంది. చెక్క, ప్లాస్టిక్, గుడ్డ పీలికలను చేత్తో ఏరడమో, గాలితో ఎగరగొట్టడమో, నీటిలో తేలేలా చేసి తీసేయడమో జరుగుతుంది. జల్లెళ్లు మిగిలినదాన్ని సైజుల వారీగా విడగొడతాయి. చివరికి 20 ఎం.ఎం., 10 ఎం.ఎం. కంకర, ఇసుక, మెత్తటి మట్టి వేర్వేరు కుప్పలుగా పడతాయి.

ఆ కుప్పలోంచి ఒక ముక్క చేతిలోకి తీసుకుని చూస్తే అసలు విషయం కనిపిస్తుంది. క్వారీ నుంచి వచ్చిన గ్రానైట్ కంకర ఏకశిల. రీసైకిల్డ్ కంకర ముక్క అలా ఉండదు. మధ్యలో పాత రాయి, దానికి ఒకటి రెండు వైపులా గట్టిగా పట్టేసిన బూడిద రంగు పాత మాలు, అంటే అప్పటి సిమెంటు, ఇసుకల మిశ్రమం ఉంటుంది. బరువులో ఈ మాలు వాటా సాధారణంగా 25 నుంచి 50 శాతం. ముక్క చిన్నదయ్యే కొద్దీ ఆ వాటా పెరుగుతుంది. కొన్ని ముక్కల్లో రాయే ఉండదు, మొత్తం మాలే.

రీసైకిల్డ్ కంకర గురించి చెప్పే మంచి చెడ్డలు దాదాపు అన్నీ ఈ పాత మాలు దగ్గర మొదలవుతాయి. లోపలి రాయికి ఏ లోపమూ రాదు. కోట్ల ఏళ్ల గ్రానైటుకు ముప్పై ఏళ్లు భవనంలో ఉండటం ఒక లెక్క కాదు. మాలు సంగతి వేరు. సిమెంటు గట్టిపడే క్రమంలో వాడుకోగా మిగిలిన నీరు ఆరిపోయి, కంటికి కనపడని రంధ్రాలను వదిలి వెళ్తుంది. క్రషర్ దెబ్బలకు ఆ మాలులో సన్నటి పగుళ్లు కూడా పడతాయి. అందుకే రీసైకిల్డ్ కంకర తేలికగా ఉంటుంది. గ్రానైట్ సాపేక్ష సాంద్రత 2.6 నుంచి 2.7 ఉంటే దీనిది 2.2 నుంచి 2.45 మధ్య ఉంటుంది. సమ్మెట దెబ్బకు, రాపిడికి కాస్త ఎక్కువ నలుగుతుంది. అన్నిటికీ మించి దీనికి దాహం ఎక్కువ.

50 లీటర్ల లెక్క

కంకర దాహాన్ని కొలిచే పరీక్ష తేలికైనదే. కొంత కంకరను కడిగి 24 గంటలు నీళ్లలో నానబెడతారు. తీసి, పైతడి పోయేలా గుడ్డతో తుడిచి తూకం వేస్తారు. తర్వాత 100 నుంచి 110 డిగ్రీల వేడి ఓవెన్‌లో ఒక రోజు ఎండబెట్టి మళ్లీ తూస్తారు. ఎండిన కంకర 1,000 గ్రాములుండి, నానినప్పుడు 1,050 గ్రాములుంటే అది 5 శాతం నీరు పీల్చినట్టు. మంచి గ్రానైట్ కంకరకు ఈ అంకె ఒక శాతం లోపే ఉంటుంది. రీసైకిల్డ్ కంకరకు సాధారణంగా 3 నుంచి 8 శాతం దాకా ఉంటుంది.

అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. దాన్ని సైటు మీద పెట్టి చూస్తే తీవ్రత తెలుస్తుంది. ఒక ఘనమీటరు కాంక్రీటుకు 350 కిలోల సిమెంటు, 175 లీటర్ల నీళ్లు వేస్తున్నారనుకుందాం. సిమెంటు బరువులో నీరు సరిగ్గా సగం. క్వారీ కంకర సుమారు 1,100 కిలోలు పడుతుంది. అది అర శాతం పీల్చినా పోయేది అయిదారు లీటర్లు. దాని స్థానంలో మొత్తం రీసైకిల్డ్ కంకర, తేలిక కాబట్టి ఓ 1,000 కిలోలు, పొడిగా వేస్తే? అయిదు శాతం చొప్పున 50 లీటర్లు పీల్చుకునే శక్తి దానికి ఉంది. మిక్సర్‌లో పోసిన నీటిలో ఇది నాలుగో వంతు కంటే ఎక్కువ. మొత్తం ఒకేసారి పోదు గానీ, మొదటి కొన్ని నిమిషాల్లోనే చాలా భాగం లోపలికి వెళ్తుంది.

అప్పుడు సైటులో ఏం జరుగుతుందో పని తెలిసినవాళ్లు ఊహించగలరు. మిక్సర్ నుంచి బాగానే జారిన కాంక్రీటు సెంట్రింగ్ మీదకు చేరేసరికి బిగుసుకుపోతుంది. పార సాగదు. మేస్త్రీ రెండు బకెట్ల నీళ్లు పొయ్యమంటాడు. అతని అనుభవం ప్రకారం అది తప్పు కాదు, పని సాగాలి. కానీ ఆ బకెట్లకు లెక్క ఉండదు. అంతకు ముందు రాత్రి వాన కురిసి కంకర అప్పటికే నాని ఉంటే, పోసిన నీరంతా సిమెంటు ముద్దలోనే ఉండిపోతుంది. 175 లీటర్లు కాస్తా 225 లీటర్లయితే నీటికీ సిమెంటుకూ మధ్య నిష్పత్తి 0.5 నుంచి 0.64కు చేరుతుంది. ఆ ఒక్క మార్పుతోనే కాంక్రీటు బలం దాదాపు మూడో వంతు దాకా పడిపోవచ్చు. ఆ తర్వాత క్యూబులు పగిలితే నింద మాత్రం రీసైకిల్డ్ కంకర మీద పడుతుంది.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. కంకరను ముందే తడపాలి. కుప్ప మీద ముందు రోజు నీళ్లు చల్లి, గోనెపట్టాలో టార్పాలినో కప్పి, వాడే సమయానికి లోపల తడిగా, పైన పొడిగా ఉండేలా చూసుకోవాలి. అలా నానిన కంకర కొత్తగా నీరు లాగదు, ఉన్న నీటిని వదలదు. పైగా ఒక లాభం కూడా ఉంది. కాంక్రీటు గట్టిపడుతూ లోపలి తేమ తగ్గే కొద్దీ కంకర రంధ్రాల్లో దాగిన నీరు నెమ్మదిగా బయటికొచ్చి సిమెంటుకు అందుతుంది. పైన నీళ్లు కొట్టే క్యూరింగ్‌కు ఇది లోపలి నుంచి తోడు. ఎండాకాలంలో స్లాబు వేసేవారికి దాని విలువ తెలుసు. అయితే అతిగా నానబెట్టి నీళ్లోడుతున్న కంకర వేస్తే ఆ నీరు రాయి చుట్టూ పొరలా చేరి అసలు పట్టునే దెబ్బతీస్తుంది.

బలం తగ్గేది ఎంత?

నీటి లెక్క సరిచేశాక కూడా కొంత తేడా మిగులుతుంది. అనేక దేశాల్లో జరిగిన ప్రయోగాల సారం ఇది: ముతక కంకరలో 20 నుంచి 30 శాతం వరకు మాత్రమే రీసైకిల్డ్ కంకర కలిపితే కాంక్రీటు నొక్కుడు బలంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. నూటికి నూరు శాతం మారిస్తే సాధారణంగా 10 నుంచి 25 శాతం దాకా తగ్గుతుంది.

ఎందుకు తగ్గుతుంది? కాంక్రీటు పగిలేటప్పుడు పగులు ఎక్కడ మొదలవుతుందో చూస్తే అర్థమవుతుంది. మామూలు కాంక్రీటులో రాయికీ సిమెంటు ముద్దకూ మధ్య వెంట్రుక మందం కంటే సన్నని పొర ఒకటి ఉంటుంది. అక్కడ నీరు కాస్త ఎక్కువగా చేరడం వల్ల ఆ పొర బలహీనం. రీసైకిల్డ్ కంకర వాడినప్పుడు ఇలాంటి పొరలు రెండవుతాయి. పాత రాయికీ పాత మాలుకూ మధ్య ఒకటి, పాత మాలుకూ కొత్త ముద్దకూ మధ్య ఇంకొకటి. బరువు పెరిగే కొద్దీ పగులుకు రెండు దారులు తెరిచి ఉన్నట్టే.

ఇక్కడే గమనించాల్సిన సంగతి ఒకటుంది. మామూలు ఇళ్లకు వాడే ఎం-20, ఎం-25 కాంక్రీటులో కొత్త సిమెంటు ముద్దే అంత బలమైనది కాదు. పాత మాలు దానికి సాటి వస్తుంది కాబట్టి నష్టం తక్కువ. ఎత్తైన భవనాల పిల్లర్లకు వాడే ఎం-50 లాంటి కాంక్రీటులో కొత్త ముద్ద చాలా గట్టిగా ఉంటుంది. అప్పుడు పాత మాలే అతి బలహీనమైన లంకె అవుతుంది, సిమెంటు ఎంత పెంచినా ఫలితం అంతంతే. తొలి కాంక్రీటు ఎంత మంచిదైతే దాన్నుంచి తీసిన కంకర అంత మంచిదవుతుందన్నది కూడా ఇందుకే. పాత వంతెన దూలం నుంచి తీసిన కంకర, నాసిరకం ప్రహరీ గోడ నుంచి తీసిన కంకర ఒకటి కావు.

వంగడం, కుంచించుకుపోవడం

కాంక్రీటు గురించి మాట్లాడితే అందరూ బలం దగ్గరే ఆగిపోతారు. రీసైకిల్డ్ కంకర విషయంలో అంతకంటే ఎక్కువగా చూడాల్సింది దాని బిగువును. బరువు పడినప్పుడు ఎంత వంగుతుందో చెప్పే స్థితిస్థాపక గుణకం పూర్తి రీసైకిల్డ్ కంకరతో 20 నుంచి 40 శాతం దాకా తగ్గుతుంది. అంటే స్లాబు విరగకపోవచ్చు, కానీ అదే బరువుకు కాస్త ఎక్కువ వంగుతుంది. టైల్స్ విడిపోవడం, గోడలో బీట పడటం, తలుపు చట్రానికి పట్టేయడం వంటివి ఇలాంటి వంపు వల్ల వచ్చే ఇబ్బందులే. ఆరేటప్పుడు కుంచించుకుపోవడం కూడా 20 నుంచి 50 శాతం ఎక్కువ. ఏళ్ల తరబడి బరువు కింద మెల్లగా సాగిలపడే గుణమూ పెరుగుతుంది.

కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. ఒక ఘనమీటరు మామూలు కాంక్రీటులో ముతక కంకర 42 శాతం జాగా ఆక్రమిస్తుందని, మిగిలిన 58 శాతం మాలు అని అనుకుందాం. రాయి కుంచించుకుపోదు. కుంచించుకుపోయేది మాలు, దాన్ని గట్టిగా నిలిపి ఉంచేది రాయి. ఇప్పుడు ఆ 42 శాతమూ రీసైకిల్డ్ కంకరే వేసి, ఒక్కో ముక్క ఘనపరిమాణంలో 40 శాతం పాత మాలే అయితే అసలు రాయి 25 శాతానికి పడిపోతుంది, మొత్తం మాలు 75 శాతానికి చేరుతుంది. కాగితం మీద కంకర మోతాదు మారలేదు. నిజంగా మాత్రం అస్థిపంజరం సన్నబడింది.

కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ లెక్కనే తిరగేసి 2009లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. పాత మాలును కంకరగా కాక మాలుగానే లెక్కించి, ఆ మేరకు కొత్త మాలు తగ్గించడం దాని సారాంశం. అలా తయారైన కాంక్రీటులో కుంచింపు, సాగిలపాటు బాగా తగ్గాయి. అయితే మాలు తగ్గితే పోత కష్టమవుతుంది. నీరు తక్కువతో జారేలా చేసే రసాయనాలు కలపాల్సి వస్తుంది.

లోపలి ఇనుము గతి

సిమెంటు కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ. ఆ క్షారమే లోపలి ఇనుప కడ్డీలను తుప్పు నుంచి కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ రంధ్రాల గుండా లోపలికి వెళ్లి ఆ క్షారాన్ని కొంచెం కొంచెంగా హరిస్తుంది. సముద్రతీరంలోనైతే ఉప్పులోని క్లోరైడ్ కడ్డీలకున్న ఆ రక్షణను ఇంకా వేగంగా దెబ్బతీస్తుంది. రంధ్రాలున్న పాత మాలు ఎక్కువైతే ఈ చొరబాటుకు దారి సులువవుతుంది. విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాల్లో కూల్చిన భవనాల కంకరలో పాత ఉప్పు అప్పటికే చేరి ఉండే అవకాశమూ ఉంది కాబట్టి, అక్కడ పరీక్ష లేకుండా ఇనుము ఉన్న కాంక్రీటులో దాన్ని వేయకూడదు.

ఇంకో శత్రువు మన ఇళ్ల పైకప్పులోనే ఉంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన ఫాల్స్ సీలింగులు ఇప్పుడు చిన్న ఫ్లాట్లలోనూ మామూలయ్యాయి. అది జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్. అది కంకరలో కలిసి కొత్త కాంక్రీటులోకి వెళ్తే సిమెంటులోని అల్యూమినా పదార్థాలతో కలిసి సూదుల్లాంటి స్ఫటికాలుగా పెరుగుతుంది. అవి అంతకంతకూ జాగా కోసం తోసుకుంటూ గట్టిపడిన కాంక్రీటును లోపలి నుంచే చీలుస్తాయి. క్రషర్‌లో పొడి అయ్యాక ఆ జిప్సంను వేరుచేయడం దాదాపు అసాధ్యం. భవనాన్ని కూల్చే ముందు ఇద్దరు కూలీలు ఒక పూట ఆ సీలింగు ఊడదీస్తే పోతుంది.

ఇటుక ముక్కల సంగతి కూడా ఇలాంటిదే. మన భవనాల్లో పిల్లర్లు, బీములు కాంక్రీటువి, గోడలు ఇటుకవి. బుల్డోజర్‌తో ఒక్కసారిగా పడగొడితే రెండూ కలిసిపోతాయి. ఎర్ర ఇటుక తన బరువులో 15 నుంచి 20 శాతం దాకా నీరు పీల్చగలదు కాబట్టి కలగలుపు కంకర గుణం ఏ లోడుకు ఆ లోడు మారిపోతుంది. ఇటుక కంకర దానంతటది చెడ్డదేమీ కాదు. రాయి దొరకని డెల్టా నేల కావడంతో బంగ్లాదేశ్‌లో ఇటుకలు కాల్చి పగలగొట్టిన కంకరతోనే దశాబ్దాలుగా కాంక్రీటు వేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన జర్మన్ నగరాలను తిరిగి కట్టేటప్పుడు ఇటుక శిథిలాల కాంక్రీటుకు 1951లో ప్రత్యేక ప్రమాణమే రాసుకున్నారు. వాళ్లు ఏం కలుపుతున్నారో వాళ్లకు తెలుసు. ఏం కలుస్తోందో తెలియకపోవడమే ఇక్కడి చిక్కు.

ప్రమాణాలు ఏం చెబుతున్నాయి

కాంక్రీటు కంకరకు భారత ప్రమాణం ఐఎస్ 383. 1970 నాటి ప్రతి పేరులోనే ‘ప్రకృతి సిద్ధ వనరుల నుంచి’ అన్న మాట ఉండేది. చట్టం గీసిన గీత కాకపోయినా, ఆ మాట ఉన్నంతకాలం ఏ ఇంజినీరూ రీసైకిల్డ్ కంకర వాడకానికి సంతకం పెట్టే ధైర్యం చేయలేదు. 2016 సవరణలో ఆ మాట తీసేశారు. కాంక్రీటును మాత్రమే నలగ్గొట్టగా వచ్చిన కంకరను, ఇటుక వంటివి కలిసిన కంకరను రెండు రకాలుగా విడదీశారు. మొదటి రకాన్ని ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం దాకా, ఇనుము ఉన్న కాంక్రీటులో ఎం-25 గ్రేడు వరకు మాత్రమే 20 శాతం దాకా వాడవచ్చు. ఎం-15 కంటే తక్కువ బలం చాలే పునాది కింది బెడ్డు లాంటి పనులకు నూరు శాతం వేసుకోవచ్చు. కలగలుపు కంకరకు ఈ చివరి పనుల్లోనే చోటు.

పై లెక్కలన్నీ చూశాక ఈ అంకెల వెనుక తర్కం కనిపిస్తుంది. 20 శాతమే కలిపితే ఘనమీటరుకు పడే రీసైకిల్డ్ కంకర 200 కిలోలు, అది పీల్చే నీరు 10 లీటర్లు. పొరపాటు జరిగినా సైటు దాన్ని తట్టుకుంటుంది. ఎం-25 దాటితే పాత మాలు బలహీన లంకెగా మారుతుంది. పరిమితులు కాస్త భయంగా రాసుకున్నవే. కానీ దేశంలోని ప్రతి సైటులో తూకపు యంత్రం, పరీక్షా గది ఉండవు కాబట్టి ఆ భయం అర్థం చేసుకోదగ్గదే.

నియంత్రణ బాగా ఉన్నచోట ఇంకా ముందుకు వెళ్లారు. సింగపూర్‌లో 2010లో ప్రారంభమైన సామ్‌వో ఎకో-గ్రీన్ భవనం మూడంతస్తులది. అందులో కొంత భాగానికి నూరు శాతం రీసైకిల్డ్ కంకరతో కాంక్రీటు వేశారు. జపాన్ ఈ కంకరను మూడు తరగతులుగా విభజించింది. నీరు పీల్చే గుణం 3 శాతం లోపుంటే మొదటి తరగతి, దాన్ని మామూలు కంకరలాగే వాడవచ్చు. ఆ స్థాయికి తేవడానికి అక్కడ పాత కాంక్రీటును సుమారు 300 డిగ్రీలకు వేడిచేసి ఒకదానికొకటి రాపిడి చేస్తారు. వేడికి పెళుసైన మాలు పొడిగా రాలిపోయి శుభ్రమైన రాయి మిగులుతుంది. సరుకు బాగుంటుంది, ఇంధనం ఖర్చవుతుంది.

మాలును తొలగించే బదులు గట్టిపరచవచ్చు కూడా. పాత మాలులోని సున్నానికి కార్బన్ డయాక్సైడ్ అందిస్తే అది కాల్షియం కార్బొనేటుగా మారి, కాస్త ఎక్కువ జాగా ఆక్రమించి రంధ్రాలను పూడుస్తుంది. దీన్ని ఫ్రాన్స్ ‘ఫాస్ట్‌కార్బ్’ పేరుతో ఒక జాతీయ పథకంగా పరీక్షించింది. అన్నిటికంటే చవకైన ఉపాయం మాత్రం 2005లో హాంకాంగ్ పరిశోధకులు ప్రచురించిన రెండు దశల కలుపుడు. మిక్సర్‌లో కంకర, ఇసుక వేసి ముందు సగం నీళ్లు, తర్వాత సిమెంటు, చివర్లో మిగతా సగం నీళ్లు పోయాలి. మొదటి దశలో తడిసిన కంకరకు చిక్కటి సిమెంటు పూత పట్టి, పాత మాలులోని పగుళ్లలోకి దిగుతుంది. కొత్త యంత్రం అక్కర్లేదు, వరుస మారిస్తే చాలు.

కొండకు మేలు, గాలికి ఎంత?

రీసైకిల్డ్ కంకరతో కార్బన్ ఉద్గారాలు బాగా తగ్గుతాయని ప్రచారంలో తరచూ వినిపిస్తుంది. ఈ మాటను కాస్త ఆచితూచి తీసుకోవాలి. రాయి నలగ్గొట్టడానికి అయ్యే ఉద్గారం టన్నుకు కొన్ని కిలోలే. సిమెంటుకు మూలమైన క్లింకర్‌ది టన్నుకు సుమారు 800 కిలోలకు పైనే. తగ్గిన బలాన్ని పూడ్చడానికి ఘనమీటరుకు 20 కిలోల సిమెంటు అదనంగా వేస్తే, కంకర వైపు మిగిలినదంతా ఆ బస్తాలో సగానికి తక్కువే తినేస్తుంది. ప్లాంటు నగరానికి దగ్గరగా ఉండి, క్వారీ దూరంగా ఉంటే లారీ డీజిల్ రూపంలో లాభం కనిపిస్తుంది. దీని అసలు ప్రయోజనం కొండ మిగలడం, చెరువు పూడకపోవడం. ఆ రెండూ చిన్నవేమీ కావు.

మన దేశంలో ఇలాంటి తొలి ప్లాంటు 2009లో ఢిల్లీలోని బురాడీలో మొదలైంది. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడలలో ప్లాంట్లు నడుస్తున్నాయి. వీటి నుంచి వచ్చే సరుకులో ఎక్కువ భాగం ఫుట్‌పాత్ టైల్స్, పేవర్ బ్లాకులు, కెర్బ్ రాళ్లు, రోడ్డు కింది పొరలకు పోతోంది. 2016 నాటి నిర్మాణ వ్యర్థాల నిబంధనలు రోజుకు 20 టన్నులు లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు మించి వ్యర్థాలు తెచ్చేవారు కాంక్రీటు, మట్టి, ఇనుము, ఇటుకలను వేరుచేసి ఇవ్వాలన్నాయి. ప్రభుత్వ పనుల్లో 10 నుంచి 20 శాతం దాకా ఈ సరుకే కొనాలని సూచించాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా 2025లో ప్రకటించిన కొత్త నిబంధనలు 20 వేల చదరపు మీటర్లకు మించిన ప్రాజెక్టులపై, వ్యర్థాల రీసైక్లింగ్ బాధ్యతను నేరుగా నిర్మాణదారుల మీదే పెట్టాయి. ఒక్క డాబా పడగొట్టి ట్రాక్టర్‌కు ఎత్తించే చిన్న యజమాని ఈ లెక్కల్లో ఇంకా పెద్దగా కనపడడు. నగరాల్లో చెరువు గట్ల మీద కనిపించే కుప్పలు ఎక్కువగా అలాంటి ట్రాక్టర్లవే.

కంకర సంగతి ఇలా ఉంటే, క్రషర్ కింద చివరికి మిగిలే సన్నటి పొడి ఇంకా సమస్యగానే ఉంది. అందులో రాయి తక్కువ, మాలు ఎక్కువ. దాని దాహం ముతక కంకర దాహాన్ని మించిపోతుంది. ఇప్పటిదాకా అది గుంతలు పూడ్చడానికే పోతోంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ‘నేచర్’ పత్రికలో దీనికి ఒక కొత్త దారి చూపారు. పాత కాంక్రీటు నుంచి వేరుచేసిన సిమెంటు ముద్దను, ఇనుప తుక్కు కరిగించే విద్యుత్ కొలిమిలో సున్నానికి బదులుగా వేశారు. 1,600 డిగ్రీల దగ్గర ఉక్కు మీద తేలిన చిట్టెం చల్లార్చి పొడి చేస్తే, కొత్త సిమెంటు క్లింకర్‌ను పోలిన పదార్థం దొరికింది. దానికోసం సున్నపురాయి కాల్చాల్సిన పని లేదు. అయితే ఆ కొలిమికి కావాల్సింది ఇసుక, ఇటుక పొడి, జిప్సం కలవని శుభ్రమైన పాత సిమెంటు. అది దొరకాలంటే మళ్లీ కూల్చే రోజునే గోడను గోడగా, బీమును బీముగా విడదీయాలి.